కేబిన్ కళ్లు

ఆగస్టు 11

వీణ కొడుకు తొట్టెల ఫంక్షన్‌కు గాంధీనగర్ పోయి వచ్చాను. భోజనం చేయకుండానే వచ్చాను. తలనొప్పి.

బాబు బాగున్నాడు. ముక్కు మాత్రం వీణది వచ్చింది, పాపం.

ఎత్తుకోమని తనే నా చేతుల్లో పెట్టింది. వాడు ఏడుస్తూ నా భుజానికి మూతి రుద్దాడు. అంతలోనే జాకెట్ ముందంతా తడిగా తగిలింది. చెమట అయ్యుంటుంది. ఆ హాల్లో ఫ్యాన్లు పేరుకే తిరుగుతున్నాయి. చెమటే. కొంగు కప్పుకుని, పిల్లాణ్ని గబుక్కున తొట్టెలో పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగాను. వాడు కెవ్వుమనడం వినిపించింది. వీణ వాళ్ల అత్తమ్మ గొంతు కూడా వినిపించింది. "పెండ్లి గాని పిల్ల, ఏం కడుపుమంటనో."

కడుపుమంటట! వాడి కోసం కోఠీ అంతా తిరిగి కొన్న గిలక్కాయ సంచిలోనే ఉండిపోయింది.

ఆగస్టు 12

వీణ రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఏం చెప్పాలి? చెమట పట్టిందని వచ్చేశాననా?

ఆగస్టు 15

జెండా పండుగ కాబట్టి ఒక నిజం రాస్తాను. చెమట కాదు. పాలు.

వేసవి నుంచి అప్పుడప్పుడూ వస్తున్నాయి. నైటీ మీద మరక పడితే నేనే ఉతుక్కుని, గదిలోనే కుర్చీ మీద ఆరేసుకుంటున్నాను. గోడలకు చెవులుంటాయంటారు. మా దమయంతి ఆంటీ హాస్టల్లో బట్టలారేసే తాళ్లకు కళ్లుంటాయి. పెళ్లి కాలేదు, ఎవరితోనూ ఏమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోతుందా?

నెలసరి రాక ఏడాది దాటింది. దానికి కారణం కూడా నాకు తెలుసు. ప్రిలిమ్స్ ముందు మింగిన మాత్రలు. పరీక్ష రోజు ఆ బాధ ఉండకూడదని, తేదీ వెనక్కి జరపడానికి ఆ మాత్ర మింగని ఆడపిల్ల సర్కారు ఉద్యోగాల కోచింగ్‌లతో నిండిన ఈ అశోక్‌నగర్‌లో ఉందా? మేం మింగాం, పరీక్ష వాయిదా పడింది. కొత్త తేదీకి మళ్లీ మింగాను. ఆ తర్వాత అది రావడం మానేసింది. మొదట్లో పీడా పోయిందని సంతోషపడ్డాను కూడా. చదువు టెన్షన్, తగ్గాక అదే వస్తుందిలే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఆగస్టు 19

తలుపు వెనక మేకుకు వేడినీళ్ల బ్యాగు వేలాడుతోంది. ఎర్ర రబ్బరు బ్యాగు. దాన్ని చూస్తే ఆ రోజులన్నీ గుర్తొస్తున్నాయి.

ఏడేళ్ల కింద ఈ గదిలో నలుగురం. హుస్నాబాద్ పక్క పల్లె నుంచి నేను, నల్గొండ నుంచి వీణ, ఇంకో ఇద్దరు. ఒకరికి నెలసరి వచ్చిందంటే వారం తిరక్కుండా మిగతా ముగ్గురికీ వచ్చేది. బ్యాగు కోసం కొట్టుకునేవాళ్లం. వీణ అయితే మరీ అన్యాయం, నిద్రపోతున్నదాని పొట్ట మీద నుంచి లాక్కుపోయేది. "జర ఓర్చుకోవే, నాకు మస్తు నొస్తుంది" అనేది. లాక్కుపోయి, తనే అల్లం చాయ్ పెట్టుకొచ్చేది.

పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో చెట్టు కింద చదువు. కుర్చీలు మావే, తాళం వేసి గొలుసుతో కట్టుకునేవాళ్లం. వీణది ఎడమచేతి రాత. మోచేతులు తగలకుండా ఎప్పుడూ నా ఎడమ పక్కనే కూర్చునేది. సాయంత్రం మిర్చి బజ్జీ, వెంకటేశ్వరస్వామి గుడిలో పులిహోర ప్రసాదం. శనివారం అయితే దేవుడి మీద మా భక్తి అంతా ఇంతా కాదు.

వీణకు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది, ఇప్పుడు కొడుకు. మిగతా ఇద్దరూ ఎటో పోయారు. నేను మాత్రం అదే కిటికీ పక్క మంచం మీద ఉన్నాను. వీణ పోతూ పోతూ బ్యాగు నాకు వదిలేసింది. "నీకే పనికొస్తది తీస్కో" అంది.

ఆగస్టు 27

అమ్మ ఫోన్. సిద్దిపేటలో సంబంధం ఉందట, అబ్బాయి టీచరట. "నీ ఎనక పుట్టినోళ్ల పిల్లలు బడికి పోతున్నరు సంయుక్తా" అంది. ఈ పరీక్ష కానీ అన్నాను. ప్రతిసారీ అదే మాట. అమ్మకు నా జవాబు నాకంటే ముందే వచ్చు.

సెప్టెంబర్ 3

వీణ మెసేజ్ పెట్టింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఇయ్యాల లైబ్రరీ గేటు కాడ నీ పక్కకే వచ్చి నిలబడ్డ. చేయి గూడ ఊపిన. మొఖం తిప్పుకోని పోయినవ్. తొట్టెల నాడు మా అత్తమ్మ అన్నది నిజమే అన్నట్టు. ఇగ నేను రాను."

పచ్చి అబద్ధం. గేటు దగ్గర అసలు లేదు. ఉంటే నాకు కనబడదా? ఆ ముక్కు వీధి చివరి నుంచే కనబడుతుంది. ఉద్యోగం, మొగుడు, కొడుకు, ఇక నాతో పనేంటి? తెంచుకోవడానికి ఏదో ఒక సాకు కావాలి.

సెప్టెంబర్ 4

నిజంగానే లేదు. బాగా ఆలోచించాను. లేదు.

సెప్టెంబర్ 9

వసారాలో ఎవరో పెట్టిన బకెట్టును తన్ని పడ్డాను. పొద్దున తలుపు అంచు భుజానికి కొట్టుకుంది. మొన్న అశోక్‌నగర్ చౌరస్తాలో స్కూటర్ వాడు మీదికి వచ్చే దాకా కనబడలేదు, పైగా వాడే నన్ను తిట్టాడు.

గదిలో కొత్తగా చేరిన జ్యోత్స్న నవ్వింది. "కేబిన్ కండ్లు అక్కా నీవి. ఇంకో రెండేండ్లు కూసుంటే నాకు గూడ గిట్లనే అయితదేమో" అంది. నిజమే. చెట్టు కింద చదువు పోయి స్టడీ హాల్ వచ్చింది కదా. ఒక్కొక్కరికీ ఒక కేబిన్, ఎదురుగా గోడ, రెండు పక్కలా చెక్కలు, నెత్తిన చిన్న లైటు. పొద్దున దూరితే చీకటి పడ్డాకే బయటికి రావడం. గంతలు కట్టిన గుర్రానికి పక్కలు కనబడవు కదా, మాకూ అంతే. అశోక్‌నగర్‌లో సగం మంది ఇలాగే గుద్దుకుంటూ తిరుగుతారు.

కళ్లు నొప్పి, తలనొప్పి. ట్యూబ్‌లైట్ మార్చమని చెప్పాలి.

సెప్టెంబర్ 18

ధైర్యం చేసి ముషీరాబాద్‌లో లేడీ డాక్టర్ దగ్గరికి పోయాను. ఇక్కడ చూపించుకుంటే ఎవరో ఒకరు చూస్తారని అక్కడికి. పరదా అవతల ఇద్దరు పేషెంట్లు, ఆయా చెవులు రిక్కించుకుని ఉన్నారు.

"పెళ్లయిందా?"

"లేదు మేడమ్."

స్కాన్ చేసింది. అండాశయాలు చిన్నగా ఉన్నాయట, గుడ్డు పెరుగుతున్న జాడే లేదట. "ఇంత చిన్న వయసులోనే ఆగిపోయినట్టుంది" అంది. ఇంకేదో కూడా అంది, నేను వినలేదు. రక్త పరీక్షలు రాసిచ్చింది. "ఇంకేమైనా ఇబ్బంది ఉందామ్మా?" అని అడిగింది. పరదా వైపు చూశాను.

"ఏం లేదు మేడమ్."

చీటీ సంచిలో పెట్టుకుని నడుచుకుంటూ వచ్చేశాను.

సెప్టెంబర్ 19

నాకు ముప్పై ఒకటి. ఆగిపోయినట్టుంది.

సెప్టెంబర్ 22

పిల్లలు కావాలని నేను ఎప్పుడైనా అనుకున్నానా? లేదు. ఉద్యోగం, ఆ తర్వాత పెళ్లి, ఆ తర్వాత చూద్దాం అనుకున్నాను. కావాలా వద్దా అని నన్ను నేను అడగనే లేదు. వద్దు అని వేరే ఎవరో చెప్పేసరికి ఇంత ఏడుపు ఎక్కడి నుంచి వస్తోంది?

నేను పెద్దమనిషినైన రోజు గుర్తొస్తోంది. ఏడో తరగతి. అమ్మ ఈత చాప వేసి మూలకు కూర్చోబెట్టింది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి ఎండుకొబ్బరి కుడుకలో బెల్లం పెట్టి చేతికిచ్చారు. నువ్వుల ముద్దలు, కొత్త లంగా ఓణీ, పాటలు. నేను రాజమాతలాగా కూర్చుని కుడుకలన్నీ తిన్నాను, కడుపు పాడైంది. నాన్న సిగ్గుపడి రెండు రోజులు పొలం దగ్గరే ఉన్నాడు. ఊరందరికీ చెప్పి మరీ వచ్చింది అది. పోయేటప్పుడు మాత్రం ఒక్కరికీ చెప్పకుండా పోయింది.

సిద్దిపేట సంబంధం వద్దని అమ్మకు చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. దమయంతి ఆంటీ ఇంటి ముందు గల్లీలోనే పేర్చారు. రానన్నా ఆంటీ ఊరుకోలేదు, చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన మనిషి, ఆమె మాట కాదనడానికి గల్లీలో ఎవరికీ గుండె లేదు. పోయినేడు, నెల తప్పకముందు, వీణ చివరిసారి మాతో ఆడింది. నా ఎడమ పక్క తనే. చప్పట్లు ఎప్పుడూ ఒక దెబ్బ ఆలస్యంగా కొట్టేది.

ఈసారి నేను ఆడటం మొదలుపెట్టగానే పక్కామెను గుద్దాను. సర్దుకుని రెండు అడుగులు వేశానో లేదో, ఇటు పక్కామె కాలు తొక్కాను. మూడోసారి నా చేయి తగిలి ఎవరిదో పసుపు పళ్లెం కింద పడింది. అందరూ నవ్వారు. ఆంటీ నవ్వలేదు. నన్ను పక్కకు లాగి, నా చెంప పక్కన చేయి పెట్టి ఆడించింది.

"ఇది కనబడ్తుందా బేటా?"

"ఏది ఆంటీ?"

ఆమె చేయి దించేసింది. "దసరా అయిపోనీ. నారాయణగూడల కండ్ల డాక్టర్ దగ్గరికి నేనే తీస్కపోత. కేబిన్ గీబిన్ అని కహానీలు చెప్పకు నాకు."

అక్టోబర్ 4

కళ్ల డాక్టర్ నా గడ్డాన్ని ఒక పెద్ద గిన్నెలాంటి మెషిన్‌లో ఆనించాడు. మధ్యలో చుక్కను చూస్తూ ఉండాలి, ఎక్కడ వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. బాగానే నొక్కాను. పరీక్షలు రాయడంలో నాకు ఏడేళ్ల అనుభవం.

కాగితం బయటికి వచ్చింది. కుడి కంటికి కుడి పక్క అంతా నలుపు, ఎడమ కంటికి ఎడమ పక్క అంతా నలుపు. చాలాసేపు చూశాడు. ఆంటీని బయట కూర్చోమన్నాడు. తర్వాత కాగితం మీద నుంచి తలెత్తకుండానే అడిగాడు.

"నెలసరి సరిగ్గా వస్తోందామ్మా?"

కళ్ల డాక్టర్‌కు నా నెలసరితో పనేంటి! "లేదు సార్, ఏడాది దాటింది."

"రొమ్ముల నుంచి పాలలాగా ఏమైనా వస్తున్నాయా?"

గదిలో ఇంకెవరూ లేరు. ఆయన నా ముఖం చూడటం లేదు. పాలు అన్న మాటను ఒక మగ డాక్టర్ దగ్గు, జలుబు అన్నంత మామూలుగా అడిగాడు.

"వస్తున్నాయి సార్" అన్నాను. మొదటిసారి ఒక మనిషితో అన్నాను. ఆపకుండా ఏడ్చాను. ఆయన టిష్యూల డబ్బా నా ముందుకు తోశాడు, అది కూడా నాకు కనబడేలా సరిగ్గా మధ్యలోకి.

అక్టోబర్ 5

అయితే గేటు దగ్గర వీణ ఉంది.

నా ఎడమ పక్కనే ఉంది. చేయి ఊపింది.

అక్టోబర్ 11

తలకు స్కాన్ అయింది, రక్త పరీక్షలు అయ్యాయి. ఈ రోజు హార్మోన్ల డాక్టర్ సూర్యనారాయణమూర్తి గారు. ముసలాయన, చెప్పిందే రెండుసార్లు చెబుతాడు. నాకు అదే మేలైంది.

మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుందట, పిట్యూటరీ. దానిలో గడ్డ పెరిగింది. క్యాన్సర్ కాదు. అది పాల హార్మోన్‌ను విపరీతంగా వదులుతోంది. పైకి పెరిగి కంటి నరాలను నొక్కుతోంది, అందుకే రెండు పక్కలా చూపు పోయింది. పోతున్నట్టు నాకు తెలియనే లేదు, ఎందుకంటే రోజంతా చెక్కల మధ్యే ఉన్నాను.

"మీ శరీరం తనను తాను బాలింత అనుకుంటోందమ్మా" అన్నారు. "బాలింతకు వెంటనే మళ్లీ కడుపు రాకూడదు కదా. అందుకని అండాశయాలను పడుకోబెట్టింది."

"ఆగిపోలేదా సార్?"

"అండాశయం ముసలిదైపోతే మెదడు ఊరుకోదు. లే, లే అని అరుస్తుంది. అలా లేపే హార్మోన్ రక్తంలో బాగా పెరగాలి. మీకు తక్కువగా ఉంది. అంటే పైనుంచి పిలుపే లేదు. పిలవని పేరంటానికి ఎవరొస్తారు?"

పరీక్షల కోసం మింగిన మాత్రల సంగతి చెప్పాను. వాటికీ దీనికీ సంబంధం లేదన్నారు. మళ్లీ అడిగాను. మళ్లీ లేదన్నారు. ఇన్నాళ్లూ నేనే చంపుకున్నాననుకున్నాను.

కోత అవసరం లేదు, వారానికి రెండుసార్లు మాత్ర. చాలామందికి దీనితోనే గడ్డ చిన్నదవుతుందట. చూపు ముందు రావచ్చు. నెలసరి ఎప్పుడంటే మాత్రం చెప్పలేనన్నారు. "వస్తుందనే నా ఆశ. కానీ మాట ఇవ్వను. రాకపోతే వేరే దారి చూద్దాం."

అక్టోబర్ 12

అమ్మకు ఫోన్‌లో అంతా చెప్పాను. చివరిదాకా వింది. తర్వాత, "బాలింత అన్నడా డాక్టరు? అయితే పెరుగు, పచ్చిపులుసు బంద్ చెయ్. చెవుల్ల దూది పెట్టుకో. సల్లగాలికి తిరగకు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

అక్టోబర్ 16

మాత్ర వేసుకుంటే వికారం, కళ్లు తిరుగుడు. పడుకునే ముందు వేసుకోమన్నారు.

అమ్మ ఆర్టీసీ బస్సులో డబ్బా పంపింది. జేబీఎస్‌కు పోయి తెచ్చుకున్నాను. మూత తీయగానే శొంఠి, పిప్పళ్లు, నెయ్యి వాసన. కాయం ముద్దలు!

తమ్ముడు పుట్టినప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ కొట్టుగదిలో ఉండేది. మంచం కింద కుంపటి, సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, ముఖానికి పసుపు. లోపలికి రావద్దని నాయనమ్మ గుమ్మంలో కూర్చునేది. అమ్మ ఇక నాది కాదనుకుని గుమ్మం బయట బిక్కముఖం వేసుకుని నిలబడేదాన్ని. నాయనమ్మ కునుకు తీయగానే అమ్మ సైగ చేసేది. పొగలోకి దూరిపోతే కాయం ముద్ద సగం కొరికి నా నోట్లో పెట్టేది. ఘాటుకు కళ్లల్లో నీళ్లు వచ్చేవి. అయినా మళ్లీ అడిగేదాన్ని.

బిడ్డ లేని బాలింతనని అమ్మ నన్ను నమ్మింది. ఒక్క ప్రశ్న అడగలేదు. వేరే ఏ తల్లి అయినా ముందు "ఎవడే వాడు" అనేది. సగం ముద్ద తిన్నాను. అంతే ఘాటు.

వీణకు చెప్పాలి. రేపు ఫోన్ చేస్తాను.

అక్టోబర్ 17

రేపు.

అక్టోబర్ 23

ఇంత కాలం తర్వాత ఏమని మొదలుపెట్టాలి? నీ కొడుకును ఎత్తుకుంటే నాకు పాలొచ్చాయి అనా? రేపు చూద్దాం.

నవంబర్ 2

రేపటిని దమయంతి ఆంటీ ఈ రోజు చేసింది. నాకు చెప్పకుండా వీణకు ఫోన్ చేసిందట.

మధ్యాహ్నం మంచం మీద కూర్చుని ఉన్నాను. ఎడమ పక్క నుంచి గొంతు వినిపించింది.

"ఎప్పుడొచ్చిన చెప్పు నేను."

తల తిప్పాను. చంకలో బాబు, కళ్లు ఎర్రగా వీణ. ఎంతసేపు నిలబడిందో.

"తల తిప్పకు. ముంగటికే చూడు" అంది. మేకుకు తగిలించిన నా సంచిలో చేయి పెట్టి, అడగకుండానే వెతికి గిలక్కాయ బయటికి తీసింది. అలవాటు ఎక్కడికి పోతుంది. నా చెవి పక్కన పట్టుకుంది.

"కనబడ్తుందా?"

"లేదు."

ఇంకొంచెం ముందుకు. "ఇప్పుడు?"

"లేదే."

"ఇప్పుడు?"

"ఆ... ఎర్రగా ఏదో."

అక్కడే ఆపేసింది చేయి. గేటు దగ్గర తను నిలబడిన చోటు ఇంకా చాలా వెనక. ఆ సంగతి తనకూ తెలిసింది. మంచం మీద కూలబడి ముక్కు చీదింది. "నేను గంత మెసేజ్ పెట్టిన. నువ్వు గుద్దుకుంట తిరిగినవ్. నేను గంత మెసేజ్ పెట్టిన" అని అదే మాట అంటూ ఏడ్చింది.

ఇక దాచడమెందుకని తొట్టెల సంగతి చెప్పాను. జాకెట్, తడి, మెట్లు దిగి రావడం, అన్నీ. వీణ ఏడుపు ఆగిపోయింది. నోరు తెరుచుకుని చూసింది.

"ఆ వారం నాకు పాలు పడ్తలేవని మా అత్తమ్మ ఇల్లు పీకి పందిరేసింది తెలుసా? మెంతులు తినిపిచ్చింది, ఎల్లిగడ్డ తినిపిచ్చింది. బాత్రూంల కూసోని ఏడ్చిన. నీకు చెప్పుకోవాలని ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవైతివి." ముక్కు తుడుచుకుని నా భుజం మీద ఒక్కటేసింది. "నా పాలన్నీ నువ్వు ఎత్కపోయినవానే దొంగమొఖమా!"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. బాబు భయపడి ఏడిస్తే వాణ్ని సముదాయించడానికి గిలక్కాయ వాడికే ఇచ్చాను. ఎన్ని నెలలకు చేరింది వాడికి.

తను పోయాక చాలాసేపు ఏడ్చాను. ఇది వేరే ఏడుపు.

నవంబర్ 20

పాలు ఆగిపోయాయి. తలనొప్పి కూడా లేదు.

డిసెంబర్ 14

కేబిన్ వదిలేశాను. మళ్లీ లైబ్రరీ చెట్టు కింద కుర్చీ వేసుకున్నాను. గొలుసు, తాళం కొత్తవి. చుట్టూ పిల్లలంతా ఇరవై దాటినవాళ్లు, నన్ను అక్కా అంటారు, చాయ్ పంచుకుంటారు. ఎడమ పక్క కుర్చీలో ఎవరో అబ్బాయి పేజీ తిప్పుతుంటే తల తిప్పకుండానే కనబడింది! ఊరికే వాడి వైపు చూడకుండా చూస్తూ కూర్చున్నాను. ఏం చదివానో గుర్తులేదు.

సాయంత్రం ఎండ ఆకుల్లోంచి పుస్తకం మీద పడితే అప్పటిలాగే ఉంది. మోచేయి తగిలించే మనిషే లేదు.

జనవరి 9

రెండో స్కాన్. గడ్డ సగానికి పైగా కరిగింది. గిన్నె మెషిన్ కాగితం మీద నలుపు దాదాపు పోయింది. మూర్తి గారు సంతోషంగా, "చూశారా, చూశారా" అని రెండుసార్లు అన్నారు.

"అది సార్?"

"ఓపిక పట్టండమ్మా."

జనవరి 22

కళ్లొచ్చాయి. పాలు పోయాయి. పిలుపు వెళ్లే ఉంటుంది కదా. అయినా రాలేదంటే? ఆ లేడీ డాక్టర్ అన్నదే నిజమేమో. నిద్రపోయింది కాదు, పోయిందేమో.

ఇన్నేళ్లూ తిట్టిన తిట్లకు దానికి కోపం వచ్చి ఉంటుంది. పాడు ముట్టు, దరిద్రం, శని. లైబ్రరీ మెట్ల మీద ముడుచుకుని కూర్చుని మేమంతా ఎన్ని తిట్లు తిట్టాం. ఇప్పుడు ఒక్కసారి రా, ఏమీ అనను.

ఫిబ్రవరి 3

నా దగ్గరున్న ప్యాడ్ల ప్యాకెట్లు జ్యోత్స్నకు ఇచ్చేశాను. ఊరికే పాతబడిపోతున్నాయి.

ఫిబ్రవరి 17

నెమ్మదిగా రాయాలి. ఒక్కటీ వదలకూడదు.

పొద్దున చెట్టు కింద చదువుతుంటే పొత్తికడుపులో పట్టేసినట్టయింది. నిన్న తిన్న బజ్జీలు అనుకున్నాను. గ్యాస్. ఇంకో పేజీ చదివాను. నడుం లాగింది. గ్యాసే. తొట్టెల నాడు చెమట అనుకున్నట్టు ఇప్పుడు గ్యాస్ అనుకుంటున్నాను. ఆశపడి దెబ్బతినడం కంటే గ్యాస్ నయం.

హాస్టల్‌కు వచ్చి చూసుకున్నాను. గ్యాస్ కాదు.

బాత్రూంలో గోడకు ఆనుకుని ఎంతసేపు నిలబడ్డానో. బయట ఎవరో తలుపు కొడుతున్నారు. "జ్యోత్స్నా! ఒక ప్యాడ్ ఇయ్యవే!" అని అరిచాను. అది ప్యాడ్ తలుపు సందులోంచి ఇస్తూ, "నీవే అక్కా ఇవి" అంది.

మేకు మీది బ్యాగులో వేడినీళ్లు పోశాను. ఇన్నాళ్లు వాడక రబ్బరు పగిలింది, నీళ్లన్నీ పరుపు మీద కారాయి. తడి పరుపు మీదే కూర్చుని వీణకు ఫోన్ చేశాను.

"ఏందే పొద్దుగాల?"

"వీణా, కడుపు నొస్తుందే."

నా చెవి పగిలేట్టు అరిచింది. నాతో కాదు, వంటింటి వైపు. "అత్తమ్మా! మా సంయుక్త పెద్దమనిషైంది!"

"ముప్పై ఏండ్లకా?" అన్న ముసలి గొంతు నాకు కూడా వినిపించింది.

ఆఫీసుకు సెలవు పెట్టి ఆటోలో వచ్చింది. ఒక చంకలో బాబు, ఇంకో చేతిలో కొత్త వేడినీళ్ల బ్యాగు. చీర కొంగులో కట్టుకొచ్చిన కుడుక బెల్లంతో నింపి నా చేతిలో పెట్టింది. కుడుక వాళ్ల అత్తమ్మే ఇచ్చిందట. ఎందుకో సరిగ్గా అర్థం కాలేదట, అయినా దేవుడి గదిలోంచి మంచిది చూసి ఇచ్చిందట. దమయంతి ఆంటీ పైకి వచ్చి చాప వేయాలా అని వేళాకోళం చేసింది. అమ్మకు ఫోన్ చేస్తే, "ఇగ పెరుగు తిను బిడ్డా" అంది.

ఇప్పుడు వీణ చాయ్ పెడతానని కిందికి పోయింది. నేను జ్యోత్స్న మంచం మీద గోడకు ఆనుకుని, పొట్ట మీద బ్యాగు పెట్టుకుని, కుడుక కొరుక్కుంటూ ఇది రాస్తున్నాను. బాబును నా ఎడమ పక్క పడుకోబెట్టి పోయింది. నేను తల తిప్పలేదు. వాడు కాళ్లు ఆడిస్తున్నాడు, చేతిలో ఎర్ర గిలక్కాయ. అన్నీ కనబడుతున్నాయి.

నొప్పి బాగా ఎక్కువైంది. అల్లం చాయ్‌తో పాటు మాత్ర తెచ్చి, "ఏస్కో, తగ్గుతది" అంది వీణ.

ఇప్పుడే వద్దు, ఇంకాసేపు ఉండనీ అన్నాను.